హతసాక్షుల మరణం దేనికి రుజువు?

అంటారియోలోని మా తెలుగు సంఘంలో పెద్దల వాక్య తరగతి, యువకుల కూటం రెండూ చాలా ఏళ్లు నా చేతుల మీదుగా నడిచాయి. ఏ కూటంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న లేచి తీరుతుంది. "తాతగారూ, అబద్ధం కోసం ఎవరూ చావరు కదా. అంతమంది ప్రాణాలిచ్చారంటే మన విశ్వాసం నిజమనేగా అర్థం?" అడిగేవాళ్లలో కొందరు నా చేత అవుననిపించుకోవాలని అడుగుతారు, కొందరు కాదనిపించుకోవాలని.

నేను విశ్వాసిని. కాకినాడలో, కెనడా బాప్టిస్టు మిషను బడుల మధ్య పెరిగాను. 1874లో మెక్లారిన్ దొర అక్కడ అడుగుపెట్టిన సంగతి మా ఇంట్లో పండగ కథలా చెప్పుకునేవాళ్లు. యేసు మృతులలోనుండి లేచాడని నమ్ముతాను. అలా నమ్ముతూనే, ఆ నమ్మకాన్ని హతసాక్షుల మరణం మీద నిలబెట్టకండని పిల్లలకు చెబుతూ వచ్చాను. ఎందుకో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు ఎవరు, ఎక్కడ, ఎలా పోయారో తెలుసుకోండి.

టొరంటో నుంచి 400 నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్తే రెండు గంటల్లో మిడ్లండ్ వస్తుంది. అక్కడి గుట్ట మీద రెండు గోపురాల రాతి గుడి ఉంది. కెనడా హతసాక్షుల పేర 1926లో కట్టారు. వేసవిలో పోలిష్‌వాళ్లు, ఫిలిపినోలు, తమిళులు, ఇంకా ఎన్నో భాషల కతోలికులు యాత్రగా వస్తారు. రోడ్డుకు అవతల సెయింట్ మేరీ అనే పాత మిషను స్థలాన్ని తవ్వి, చెక్క గోడలతో తిరిగి కట్టారు. దాన్ని 1639లో ఫ్రాన్సు నుంచి వచ్చిన యేసు సభ గురువులు స్థాపించారు. పదేళ్లకు, శత్రువుల చేతికి చిక్కకూడదని వాళ్లే తగలబెట్టుకున్నారు.

పదకొండో పయస్ పోపు 1930 జూన్ 29న పునీతులుగా ప్రకటించిన ఎనిమిది మందిలో ముందుగా చెప్పుకునే పేరు జాన్ ద బ్రెబఫ్. నార్మండీలో 1593లో పుట్టాడు. 1625లో క్యుబెక్ చేరి, వెండాట్ జాతివాళ్ల మధ్య మకాం పెట్టి వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఫ్రెంచివాళ్లు ఆ జాతిని హ్యూరన్లు అనేవాళ్లు. 1649 మార్చి 16న వెండాట్ల శత్రువులైన ఇరొక్వాయి యోధులు సెయింట్ ఇగ్నేస్, సెయింట్ లూయీ అనే రెండు ఊళ్ల మీద పడ్డారు. బ్రెబఫ్, తోటి గురువు గాబ్రియెల్ లాలెమాన్ పట్టుబడ్డారు. బ్రెబఫ్ ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. లాలెమాన్ మర్నాటి పొద్దుటి దాకా బతికి ఉన్నాడు. ఎర్రగా కాల్చిన గొడ్డళ్లను దండలా గుచ్చి బ్రెబఫ్ మెడలో వేశారు. మరిగే నీళ్లు నెత్తిన పోశారు. బ్రెబఫ్ కేక వేయలేదని, ఓపిక ఉన్నంతసేపూ తోటి ఖైదీలకు ధైర్యం చెబుతూనే ఉన్నాడని తప్పించుకుని వచ్చిన వెండాట్ క్రైస్తవులు చెప్పారు.

2. చూసినవాడి సాక్ష్యం వేరు, నమ్మినవాడి సాక్ష్యం వేరు.

మొత్తం కథలో నేను ఎక్కువసేపు ఆగేది క్రిస్తోఫ్ రెన్యో అనే మనిషి దగ్గర. గురువు కాదు, గురువుల దగ్గర ఊడిగానికి కుదిరిన చెప్పులు కుట్టే మనిషి. శత్రువులు వెళ్లిపోయాక శవాలను తీసుకురావడానికి వెళ్లినవాళ్లలో ఉన్నాడు. తప్పించుకుని వచ్చినవాళ్లు చెప్పిన మాటలను అలాగే ఒప్పుకోలేదు. బ్రెబఫ్ శవాన్ని సెయింట్ మేరీకి తెచ్చాక మెడ చుట్టూ కాలిన బొబ్బలు చూశాడు. కోసేసిన పెదవులు, చర్మం ఒలిచిన తల, మాంసం కోసిన తొడలు, చేతులు ఒక్కొక్కటే తాకి చూశాడు. విన్నది విన్నట్టే ఉందని తర్వాత రాసి పెట్టాడు. 1954లో సెయింట్ మేరీ తవ్వకాల్లో సమాధి బయటపడింది. అందులో బ్రెబఫ్ పేరు, 1649 మార్చి చెక్కిన సీసపు రేకు దొరికింది.

బ్రెబఫ్‌ను ఇలా చంపారు అన్నదానికి రుజువంటే ఇదీ: చూసినవాళ్ల మాట, దాన్ని సరిచూసిన చెయ్యి, మూడు వందల ఏళ్ల తర్వాత మట్టిలోంచి వచ్చిన సీసపు రేకు. ఏ కోర్టులో పెట్టినా నిలుస్తుంది.

కానీ బ్రెబఫ్ దేని కోసం చనిపోయాడో దాన్ని బ్రెబఫ్ చూడలేదు. ఖాళీ సమాధి దగ్గరికి పదహారు వందల ఏళ్ల దూరంలో ఉన్నాడు. చిన్నప్పుడు విన్నాడు, చదివాడు, ధ్యానించాడు, మనసారా నమ్మాడు. అందుకే అతని మరణం అతని నమ్మకం ఎంత గట్టిదో చెబుతుంది. నమ్మిన సంగతి జరిగిందా లేదా అన్నది చెప్పగలిగినవాళ్లు వేరు. రెన్యో గాయాన్ని తాకి గాయం గురించి చెప్పాడు. తోమా సంగతీ అంతే. సువార్తలో అతను అడిగింది యేసు గాయాలను చూస్తానని, తాకుతానని. యేసు కోసం ఎవరైనా చచ్చిపోతే నమ్ముతానని అతను అనలేదు.

3. చంపినవాళ్ల సంగతి కూడా పూర్తిగా వినండి.

మా కూటాల్లో దీన్ని ఎవరూ ఇష్టపడరు. అయినా చెబుతాను. ప్రసంగాల్లో ఇరొక్వాయిలు క్రీస్తు మీద పగతోనే గొడ్డలి ఎత్తినట్టు వినిపిస్తుంది. అసలు కథ అంత తేలికైంది కాదు. యుద్ధం బీవర్ తోళ్ల వ్యాపారం గురించి, పోయినవాళ్ల స్థానంలో బందీలను తెచ్చుకునే పాత ఆచారం గురించి, డచ్చివాళ్లు అమ్మిన తుపాకుల గురించి కూడా. 1640ల్లో ఫ్రెంచివాళ్లు బాప్తిస్మం పొందిన వెండాట్లకే తుపాకులు అమ్మేవాళ్లు. అలాంటి చోట విశ్వాసం ఎక్కడ ఆగింది, వ్యాపారం ఎక్కడ మొదలైంది అన్నది విడదీయడం కష్టం.

దానికి తోడు రోగాలు. 1634 నుంచి ఒకదాని వెనక ఒకటి అంటురోగాలు వచ్చి, చివరకు మశూచి పడి, దాదాపు 20,000 ఉన్న వెండాట్లు 1640 కల్లా సగానికి పడిపోయారు. గురువులు ఇంటింటికీ తిరిగి, చావబోతున్న పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. ఒకచోట పంచదార నీళ్లు తాగించే నెపంతో, తల్లిదండ్రులకు తెలియకుండా ఇచ్చామని వాళ్లే రాసుకున్నారు. బాప్తిస్మం పొందిన బిడ్డ పోయేది. ఊరి కళ్లతో చూడండి. నల్ల అంగీ వేసుకున్న మనిషి వస్తాడు, నీళ్లు చల్లుతాడు, బిడ్డ చనిపోతుంది. వీళ్లే చేతబడి చేస్తున్నారని అనుకోవడంలో వింతేముంది? 1637లో గురువులను చంపాలా వద్దా అని పెద్దలు సభ పెట్టారు. అప్పుడు బ్రెబఫ్ చేసిన పని నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. వెండాట్లలో చావుకు సిద్ధమైన మనిషి ఊరివాళ్లకు వీడ్కోలు విందు పెట్టే ఆచారం ఉంది. బ్రెబఫ్ ఊరిని పిలిచి ఆ విందు పెట్టాడు. అప్పటికి అతన్ని వదిలేశారు.

ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఒసర్నెనాన్ అనే ఇరొక్వాయి ఊళ్లో 1646 అక్టోబరు 18న, ఆ ఎనిమిది మందిలో ఒకడైన ఐజాక్ జోగ్‌ను చంపారు. అతను అంతకుముందు వదిలి వెళ్లిన ఒక పెట్టె వల్లే ఊరికి జబ్బు వచ్చిందని, పంటకు పురుగు పట్టిందని అక్కడివాళ్లు నమ్మారు. ఊళ్లో అందరూ అతన్ని చంపాలనుకోలేదు. కొన్ని వంశాలు కాపాడాలని చూస్తే, ఒక వంశంవాళ్లు చంపారు. వెండాట్లలో మొదటి విశ్వాసుల్లో ఒకడైన జోసెఫ్ చివటెన్వా 1640 ఆగస్టు 2న పొలంలో హతుడయ్యాడు. ఇరొక్వాయిలు చంపారని గురువులు రాశారు. సొంతవాళ్లే చంపి ఉండవచ్చునని చరిత్రకారుడు బ్రూస్ ట్రిగ్గర్ అనుమానించాడు. బ్రెబఫ్ నెత్తిన మరిగే నీళ్లు పోసి బాప్తిస్మాన్ని వెక్కిరించింది ఒకప్పుడు గురువుల బోధ విన్న వెండాట్లే అని కూడా రికార్డు ఉంది. అక్కడ విశ్వాసం మీద ద్వేషం ఉంది, కాదనను. రోగం, భయం, తుపాకి, పగ కూడా ఉన్నాయి. వీటన్నిటినీ పక్కకు తోసి ఒక్క ద్వేషాన్నే చూపిస్తే మనం సాక్ష్యాన్ని దిద్దినవాళ్లమవుతాం.

1649 దాడుల తర్వాతి చలికాలంలో ఒక ద్వీపానికి పారిపోయిన వెండాట్లు వందల మీద వందలుగా ఆకలితో చనిపోయారు. మిగిలినవాళ్లలో కొన్ని వందల మంది 1650లో క్యుబెక్ చేరారు. వాళ్ల సంతతి ఈనాటికీ వెండాకేలో ఉంది. ఆకలితో పోయినవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. వాళ్లకు పండుగ తేదీ లేదు.

4. ధైర్యం ఏ ఒక్క మతానికీ సొంతం కాదు.

1636లో వెండాట్లు ఒక ఇరొక్వాయి ఖైదీని రాత్రంతా కాల్చి చంపారు. ఆ గురువులే అక్కడ కూర్చుని చూసి వివరంగా రాశారు. నిప్పుల మధ్య అతను పాట పాడాడు. ఆ జాతులన్నిటిలో యోధుడు అలా పోవాలనే నేర్పేవాళ్లు. బ్రెబఫ్ ఓర్పు చూసి ఇరొక్వాయిలు ఎంత మెచ్చుకున్నారంటే, ఆ ధైర్యం తమకూ రావాలని అతని గుండెను తిన్నారు. వింటే మనకు ఒళ్లు జలదరిస్తుంది, కానీ వాళ్ల లెక్కలో అది గౌరవం. ధైర్యాన్ని అంతగా గౌరవించినవాళ్లు కూడా అతని దేవుడే నిజమైన దేవుడని దాన్ని బట్టి తేల్చలేదు.

బ్రాంప్టన్‌లో మా వీధిలో సగం ఇళ్లు సిక్కులవి. గురు తేగ్ బహాదుర్ 1675లో ఢిల్లీలో తల ఇచ్చాడు. తన మతం కోసం మాత్రమే కాదు, తమ మతంలో తాము ఉండనివ్వమని వచ్చిన కశ్మీరీ పండితుల కోసం. పొరుగింటి పెద్దాయన ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు బిగుసుకుపోవడం నేను చూశాను. మా హతసాక్షుల మరణం మా సిద్ధాంతానికి రుజువైతే, ఆయన గురువు మరణం దేనికి రుజువు? మా వాళ్ల రక్తానికి ఒక తూనిక, వాళ్ల రక్తానికి ఇంకో తూనిక పెట్టడం నాకు చేతకాదు.

5. మెనొనైటుల పుస్తకం ఒక్కసారైనా తిరగేయండి.

ఈ వాదానికి అసలైన గట్టి దెబ్బ మనకు గంట దూరంలోనే ఉంది. వాటర్లూ ప్రాంతంలో గుర్రపు బగ్గీల మీద తిరిగే మెనొనైటులను చూసే ఉంటారు. పెన్సిల్వేనియా నుంచి 1800 ప్రాంతంలో వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ఇళ్లలో బైబిలు పక్కన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. దాని పేరు మార్టిర్స్ మిరర్. 1660లో హాలెండులో తీలెమాన్ వాన్ బ్రాట్ కూర్చాడు. నిండా హతసాక్షులే. పెద్దయ్యాక, తెలిసి, ఒప్పుకుని పొందేదే బాప్తిస్మం అని చెప్పినందుకు చంపబడినవాళ్లు.

ఫెలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరి 5న జూరిక్‌లో ప్రొటెస్టెంటు నగర సభ నదిలో ముంచి చంపించింది. అదే ఏడాది మైకేల్ సాట్లర్‌ను కతోలిక పాలకులు కాల్చి చంపించారు. సాట్లర్ ఒకప్పుడు కతోలిక మఠంలో పెద్ద హోదాలో ఉన్న సన్యాసి. ఇక డిర్క్ విల్లెమ్స్. 1569లో చెరలోంచి తప్పించుకుని గడ్డకట్టిన చెరువు దాటాడు. వెంటాడుతున్న భటుడి కాళ్ల కింద మంచు పగిలి నీళ్లలో పడితే వెనక్కి తిరిగి చెయ్యిచ్చి లాగాడు. లాగినందుకే దొరికిపోయాడు, కాల్చేశారు. ఆ పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. ఒక మనిషి మంచు మీద వంగి రెండు చేతులూ చాపి ఉంటాడు. ఎన్నిసార్లు చూసినా ఆ పేజీ తిప్పబుద్ధి కాదు.

ఇప్పుడు మిడ్లండ్‌నూ వాటర్లూనూ పక్కపక్కన పెట్టండి. బ్రెబఫ్, అతని తోటివాళ్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వకపోతే ఆ ఆత్మకు నష్టమని నమ్మి, దానికోసం ప్రాణాలకు తెగించి ఇల్లిల్లూ తిరిగారు. 1642లో ఆ ఎనిమిది మందిలో ఒకడైన రెనే గూపిల్‌ను చంపింది ఒక చిన్నపిల్లవాడి మీద సిలువ గుర్తు వేసినందుకే. మాన్జ్, సాట్లర్ పసిబిడ్డ బాప్తిస్మం బాప్తిస్మమే కాదని చెప్పి చనిపోయారు. ఒకే క్రీస్తు, ఒకే ప్రశ్న, ఎదురెదురు జవాబులు, రెండు వైపులా ప్రాణాలు. ప్రాణమివ్వడం సిద్ధాంతానికి రుజువైతే రెండూ ఒకేసారి నిజం కావాలి, అది కుదరదు. బాప్టిస్టుగా నేను సాట్లర్ పక్షమే. అయితే అతను కాలిపోయాడని కాదు, అతను చూపిన వాక్యాలు నాకు సరిగ్గా తోచాయి కాబట్టి.

6. మొదటి శిష్యుల మాట వేరే. ఎంత వేరో కూడా చూడాలి.

చురుకైన పిల్లలు ఇక్కడ అడ్డుపడతారు. "తాతగారూ, బ్రెబఫ్ చూడలేదు సరే. పేతురు చూశాడుగా? చూడకుండానే చూశానని అబద్ధమాడినవాడు దానికోసం చావడుగా?" ఇది మంచి వాదన. కుట్ర పన్ని కథ అల్లారన్న ఆరోపణకు నిజంగానే జవాబవుతుంది. దీన్ని తేలిగ్గా తీసేసేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ చరిత్ర ఇచ్చినంతే తీసుకోవాలి. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ప్రభువు సహోదరుడైన యాకోబును రాళ్లతో కొట్టి చంపారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అది 62వ సంవత్సరం ప్రాంతం. పేతురు, పౌలు విశ్వాసం కోసం పోయారన్నదానికి మొదటి శతాబ్దం చివరి నాటి క్లెమెంటు లేఖ ఆధారం. మిగతా శిష్యుల మరణాల గురించి మనం గోడ పటాల్లో చూసేవాటిలో ఎక్కువ భాగం తర్వాతి కాలపు సంప్రదాయం. మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ మీద తోమా గురించి చెప్పేదీ అంతే.

ఇంకొకటి. తిరస్కరిస్తే వదిలేస్తామని వాళ్లతో అన్నారా? 64లో నీరో రోమా నగరం తగలబెట్టిన నేరం క్రైస్తవుల మీద మోపాడు. ఆ నేరం మీద పట్టుబడినవాడు విశ్వాసం వదులుకున్నా బతికేవాడని చెప్పలేం. 112 ప్రాంతంలో ప్లినీ అనే అధికారి చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం క్రీస్తును కాదన్నవాళ్లను వదిలేశానని స్పష్టంగా ఉంది. అక్కడ చనిపోయినవాళ్లు తెలిసి ఎంచుకున్నారు. అయితే వాళ్లెవరూ యేసును కళ్లతో చూసినవాళ్లు కారు. చూసినవాళ్ల విషయంలో ఎంపిక రికార్డులో లేదు, ఎంపిక రికార్డులో ఉన్నవాళ్లు చూసినవాళ్లు కారు. ఈ సందు దాటకుండా ముందుకు పోయే వాదన నాకు నచ్చదు. దాటి మిగిలేది ఏమిటంటే, మొదటివాళ్లు మోసగాళ్లు కారని గట్టిగా అనుకోవచ్చు. పొరబడలేదని ఇంకో దారిలో చూపించాలి.

పౌలు ఆ దారిలోనే వెళ్లాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం చదవండి. పునరుత్థానానికి ఆధారంగా అతను చనిపోయినవాళ్ల పట్టీ ఇవ్వలేదు. చూసినవాళ్ల పట్టీ ఇచ్చి, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారన్నాడు. అంటే, వెళ్లి అడిగి తెలుసుకోవచ్చు. అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు, శరీరాన్ని కాల్చుకోవడానికి అప్పగించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదంటాడు. మన పక్షంవాళ్ల చావు మీద కూడా అపొస్తలుడు పెట్టిన షరతు అది.

7. గమలీయేలును మర్చిపోకండి.

అపొస్తలుల కార్యాలు అయిదో అధ్యాయం. థూదా లేచాడు, చంపబడ్డాడు. గలిలయుడైన యూదా లేచాడు, నశించాడు. వాళ్ల వెంట నడిచినవాళ్లూ చెదిరిపోయారు. చంపబడినంత మాత్రాన దైవకార్యం అయిపోదని బైబిలే పరిసయ్యుడైన గమలీయేలు నోట చెప్పించింది.

8. ఈ కాలపు వార్తల్ని సరిచూసి పంపండి.

ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో 1999 జనవరి 22 రాత్రి మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులైన పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆ కబురు విన్న రోజు మా సంఘంలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చంపినవాళ్లను క్షమించానని లోకమంతటి ముందు చెప్పి, బారిపదలో కుష్ఠు రోగుల సేవలో ఇంకొన్నేళ్లు ఉండిపోయింది. ఈ సంగతి చెప్పడానికి ఏ హంగూ అక్కర్లేదు. కానీ హతసాక్షుల పేరుతో, పాత ఫొటోలతో, ఎక్కడివో తెలియని శవాల బొమ్మలతో వాట్సాప్‌లో తిరిగేవి నాకు వారానికి ఒకటైనా వస్తాయి. ఒక కూటంలో అలాంటి ఫొటో చూపించి కానుకలు కూడా అడిగారు. ఆ బొమ్మలోని మనిషికి ఒక తల్లి ఉంటుంది, ఒక ఊరు ఉంటుంది. అది అబద్ధమని రేపు తేలితే, నిజంగా పోయిన ఫిలిప్, తిమోతిల మీద కూడా జనం అనుమానపడతారు. శవాన్ని తాకి సరిచూసిన రెన్యో లాంటివాళ్లు మన మధ్య తక్కువయ్యారని నాకు నిజంగా బాధ.

9. చావు ఒక్క పూట, అంతకుముందు ఏళ్లున్నాయి.

ఎనిమిది మందిలో నోయెల్ షాబానెల్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫ్రాన్సులో అలంకార శాస్త్రం బోధించిన పండితుడు. 1643లో కెనడా వచ్చాడు. అయిదారేళ్లయినా వెండాట్ భాష నోటికి రాలేదు. అంత చక్కగా మాట్లాడగలిగే మనిషి చిన్నపిల్లల ముందు కూడా తడబడాల్సి వచ్చింది. పొగ నిండిన ఇళ్లు, తిండి, పడక ఏదీ ఒంటికి పడలేదు. ప్రార్థనలో కూడా ఊరట దొరకలేదు. వెనక్కి వెళ్లిపోవాలని మనసు లాగేది, వెళ్లడానికి దారి కూడా ఉంది. 1647లో, చచ్చేదాకా ఇక్కడే ఉంటానని దేవుడికి మొక్కుకున్నాడు. 1649 డిసెంబరు 8న ఒక నది దగ్గర ఒంటరిగా పోయాడు. చంపింది విశ్వాసం వదిలేసిన ఒక వెండాట్ మనిషి. అది కూడా ఆ మనిషి తర్వాత ఒప్పుకుంటే తెలిసింది. ఆ చావును చూసినవాళ్లు, పాడిన పాట, వినిపించిన ఉపదేశం ఏవీ లేవు.

షాబానెల్ నమ్మింది నిజమని ఇది కూడా రుజువు చేయదు. కానీ ఒక మనిషి దేన్ని ఎంత నమ్మాడో తెలుసుకోవాలంటే నేను ఆ నది ఒడ్డును చూడను. మొక్కుబడికీ ఆ డిసెంబరుకూ మధ్య ఉన్న రెండేళ్లను చూస్తాను. రోజూ పొద్దున లేచి వెళ్లిపోవచ్చు, రోజూ ఉండిపోయాడు. మా కాకినాడకు వచ్చిన టింపనీ దొర కూడా 1885లో కలరాతో అక్కడే పోయాడు. ఎవరూ చంపలేదు కాబట్టి ఏ హతసాక్షుల పట్టీలోనూ ఆయన పేరు లేదు. తెలుగు నేర్చుకుని, ఆ ఎండల్లో, ఊరు వదలకుండా గడిపిన ఏళ్లు మాత్రం షాబానెల్ ఏళ్ల లాంటివే.

యువకుల కూటంలో ఈ మధ్య ఒకమ్మాయి, "మరి మీరు దేన్ని బట్టి నమ్ముతున్నారు తాతగారూ?" అని సూటిగా అడిగింది. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చదివాను, చెప్పినవాళ్ల మాట నమ్మదగినదిగా కనిపించింది, అన్నాను. తనూ అలా చదివి తేల్చుకుంటానంది. వచ్చే శనివారం నుంచి మార్కు సువార్తతో మొదలుపెడుతున్నాం.